అత్తగారు తొక్కిన రంపం

ధవళేశ్వరంలో మేము కాపురమున్న ఇంటికి ముందు వీధి, వెనక కాలువ. మావారు కాలువల ఆఫీసులో నక్షాలు గీసే ఉద్యోగం చేసేవారు. ఇంట్లో ఉండేది ముగ్గురమే. ఆయన, ఆయన తల్లి, నేను. అప్పటికింకా పిల్లలు పుట్టలేదు.

ఒక వేసవిలో ఆయన పైఅధికారి దొర ఉద్యోగం చాలించుకుని తన దేశానికి ప్రయాణం కట్టాడు. బంగళాలోని సామానంతా వేలం వేశారు. తోటి ఉద్యోగులు కుర్చీలు, గాజుదీపాలు, పింగాణీ పళ్లేలు తెచ్చుకున్నారు. మావారు మాత్రం ఇద్దరు కూలీల చేత ఒక ఇనుప వస్తువు మోయించుకొచ్చి వెనకవైపు వసారాలో దింపించారు.

దాన్ని చూస్తే నాకు ముందు నవ్వొచ్చింది. కింద కాలితో తొక్కే పలక, పక్కన ఒక చక్రం, చక్రానికి తోలుపట్టీ, పైన పీటంత బల్ల. ఆ బల్లకు పైన ఒకటి, కింద ఒకటి, కొంగ మెడల్లాంటి రెండు చేతులు. ఆ రెండింటి కొసల మధ్య నిలువుగా బిగించిన సన్నటి ఉక్కు పుల్ల. దగ్గరికెళ్లి చూస్తే గాని ఆ పుల్లకు పళ్లున్నాయని తెలియదు. చీమ పళ్లంత పళ్లు.

"రంపం ఇది. దొర సాయంత్రాలు దీని ముందు కూర్చుని పలకల మీద లతలూ పువ్వులూ కోసేవాడు. గోడలకు తగిలించే చట్రాలు, దీపం పెట్టుకునే బల్లలు, ఎంత అందంగా ఉండేవనుకున్నావు!" అన్నారాయన, చక్రాన్ని మురిపెంగా తిప్పుతూ.

"నీకేం చేతనవుతుందిరా?" అన్నారు అత్తగారు గుమ్మంలోంచి.

"చేతనవడానికేముందమ్మా? గీసే చెయ్యే కదా కోసేది!"

మర్నాటికల్లా మా వీధిలో వాళ్లు దాన్ని కుట్టుమిషను చేసేశారు. ఎదురింటావిడ రవికల గుడ్డ పట్టుకుని వచ్చేసింది. "పండక్కి లోపల అయితే చాలండి, తొందరేం లేదు" అని గుడ్డ అక్కడ పెట్టింది. ఇది బట్టలు కుట్టదమ్మా, చెక్కలు కోస్తుందని చెబితే, కుట్టడం ఇష్టం లేక అంటున్నామనుకుని ముఖం ముడుచుకుని వెళ్లిపోయింది.

కోయడం మాట అటుంచి, మావారు ఆ మిషనుతో పడ్డ పాట్లు ఇప్పుడు తలచుకున్నా నవ్వొస్తుంది. ఆయన చేతి గీత దారం పట్టినట్టుండేది. ఆఫీసులో ఆయన గీసిన నక్షా మీద ఇంకొకరు చెయ్యి పెట్టేవారు కాదు. కాని రంపం ముందు కూర్చోగానే ఆ చేతికి ఓర్పు పోయేది. పలకను పుల్ల మీదికి బలంగా తోసేవారు. పుల్ల వంగేది. ఇంకా తోస్తే టప్పున విరిగేది. పలకను గట్టిగా అదిమిపట్టకపోతే పైకి లేచే పుల్లతో పాటు పలకా లేచి బల్ల మీద దబదబా కొట్టుకునేది. కాలు ఒక లెక్కన, చేతులు ఒక లెక్కన, నోరు ఒక లెక్కన నడిచేవి. నోరు ఎక్కువగా ఉక్కును తిట్టేది.

"నాసిరకం ఉక్కు! వేలంలో ఇంకేం దొరుకుతుంది?" అని ఒక రోజు లేచిపోయి, మిషను మీద గోనెపట్టా కప్పేశారు. పుల్లల పొట్లంలో సగానికి సగం అప్పటికే అయిపోయాయి. అవి మద్రాసు నుంచి రావాలి. తెప్పిస్తానని ఆయన అనలేదు, నేను అడగలేదు.

ఆ గోనెపట్టా తీయించింది మా అత్తగారే. ఆవిడ పొడుగ్గా, సన్నగా ఉండేవారు. మోకాళ్లు పట్టేసి బాధపడుతుంటే వైద్యుడు కాలికి కదలిక ఉండాలని చెప్పాడు. వీధిలో తిరగడం ఆవిడకు నామోషీ. ఒక మధ్యాహ్నం వసారాలో కూర్చుని ఊరికే మిషను కింది తొక్కుడు పలక మీద పాదం ఆనించి తొక్కారు. చక్రం తిరిగింది. ఇంకోసారి తొక్కారు. చిన్నప్పుడు రాట్నం తిప్పిన మనిషి. లయ పట్టుకోవడానికి ఆవిడకు ఎంతోసేపు పట్టలేదు.

"అమ్మాయ్, ఇలా రా. ఊరికే తిరుగుతోందిది. ఏదైనా పెట్టు దీని నోట్లో."

నేను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాను. యానాం నుంచి పడవల్లో వచ్చే సారాపెట్టెల చెక్కలు కాలువ గట్టున పొయ్యిలోకి అమ్మేవారు. పలచగా, మెత్తగా ఉండేవి. వాటి మీద ఏవో ఫ్రెంచివాళ్ల పరాసు అక్షరాలు ముద్రించి ఉండేవి. ఒక ముక్క మీద బొగ్గుతో గీత గీసి తెచ్చాను. అత్తగారు తొక్కడం ఆపి, దాని మీద పసుపునీళ్లు చిలకరించి, "ఊఁ, ఇప్పుడు కొయ్యి" అన్నారు.

ఆవిడ తొక్కుతుంటే నేను పలకను పట్టుకున్నాను. మావారి తిప్పలన్నీ పక్కన నిలబడి చూసినదాన్ని గనుక ఆయన చేసినవేవీ చేయకూడదని ఒక్కటే అనుకున్నాను. రెండు చేతుల వేళ్లతో పలకను బల్లకేసి అదిమి, పుల్ల ఎంత తింటే అంతే అందించాను. తొందరపెట్టలేదు. సన్నటి పొడి రాలుతూ వచ్చింది. నోటితో ఊదుకుంటూ గీత వెంబడి పోనిచ్చాను. గీత కాస్త వంకర పోయింది గాని పుల్ల విరగలేదు.

మేము రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చోవడం మొదలుపెట్టాం. ఒక్కొక్కటే తెలిసొచ్చింది. పుల్ల పళ్లు కిందికి చూసేటట్టు బిగించాలి. బిగించాక గోటితో మీటితే తంబురా తీగలా ఖంగుమనాలి. దబ్ మంటే వదులుగా ఉన్నట్టు. మలుపు వచ్చినప్పుడు తోయడం ఆపాలి గాని తొక్కడం ఆపకూడదు. పుల్ల ఉన్నచోటే ఆడుతుంటే పలకను దాని చుట్టూ మెల్లగా తిప్పుకోవాలి. పువ్వు నడిమిలో ఖాళీ రావాలంటే ముందు బరమాతో చిన్న బెజ్జం వేసి, పుల్ల పైకొన ఊడదీసి, ఆ బెజ్జంలోంచి దూర్చి మళ్లీ బిగించి కోయాలి. గీత నేరుగా చెక్క మీద గీస్తే పొడిలో కనబడదు. కాగితం మీద గీసి గంజితో అంటించాలి. అప్పుడప్పుడు పుల్లకు కాస్త తేనెమైనం రాస్తే చల్లగా జారుతుంది.

ఇవన్నీ చెబుతుంటే పెద్ద విద్యలా ఉంది గాని, నాకు సాయపడింది ముగ్గు. చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేసేటప్పుడు పిండి రాలుతున్న చోట కళ్లు పెట్టం. వేళ్లు ఎక్కడికి వెళ్లాలో అక్కడ పెడతాం. రంపమూ అంతే. పుల్లనే చూస్తూ కూర్చుంటే గీత తప్పుతుంది. ముందున్న మలుపును చూస్తే చెయ్యి దానంతటదే వెళ్తుంది.

ఒకనాడు మావారు ఆఫీసు నుంచి పెందలాడే వచ్చేశారు. వసారాలో ఆయన తల్లి మిషను తొక్కుతోంది, పెళ్లాం రంపం ముందు చీరంతా రంపప్పొట్టుతో కూర్చుని ఉంది. ఆయన అలాగే నిలబడిపోయారు. నేను గబుక్కున లేవబోతే అత్తగారు, "కూర్చో, రేక మధ్యలో ఆపకు" అన్నారు.

కోయడం అయ్యాక ఆయన ఆ ఎనిమిది రేకల పద్మాన్ని తీసుకుని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. అంచులు వేలితో తడిమారు.

"ఎన్నాళ్లుగా సాగుతోందిది?"

"నువ్వు గోనెపట్టా కప్పిన వారానికి మొదలుపెట్టాం. ఎవరూ వాడనిదాన్ని వాడుకుంటే తప్పేంటి?" అన్నారు అత్తగారు.

ఆయన కాళ్లు కడుక్కుని, మజ్జిగ తాగి, చెవి మీద పెన్సిలు పెట్టుకుని తిరిగి వచ్చి నా పక్కన చతికిలబడ్డారు. "ఈ రేక కొన ఇంకాస్త ఇలా తిరిగితే బావుంటుంది చూడు," అంటూ కాగితం మీద గీశారు. నిజంగానే బాగుంది. ఆనాటి నుంచి ఆయన గీసేవారు, నేను కోసేదాన్ని, అత్తగారు తొక్కేవారు. ఆయనే మద్రాసుకు రాసి పుల్లలు తెప్పించారు. రంపం ముందు మాత్రం మళ్లీ ఎన్నడూ కూర్చోలేదు. "నేను నక్షా మనిషిని. కట్టేది వేరే వాళ్లు" అనేవారు నవ్వుతూ.

దీపపు బల్లలు చేశాం, దేవుడి పటాలకు చట్రాలు చేశాం, దువ్వెనలు పెట్టుకునే పెట్టె చేశాం. వీధిలో గుసగుసలు లేకపోలేదు. పక్కింటి ముసలావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఆడవాళ్లు రంపం పట్టడమేంటమ్మా, వడ్రంగుల ఇల్లులా!" అంది. మా అత్తగారు తొక్కుతూనే, "రోజూ కత్తిపీట మీద కూర్చునేది మగవాళ్లా ఏంటండి?" అన్నారు. ఆ ముసలావిడే తర్వాత తులసికోట దగ్గర దీపానికి ఒక గూడు చేయించుకుంది.

మాకున్న చిక్కల్లా ఒక్కటే. అత్తగారు తొక్కేటప్పుడు ఊరుకునేవారు కాదు, కబుర్లు చెప్పేవారు. ఆవిడ కబురును బట్టి చక్రం నడిచేది. ఊరగాయల మాటా, వానల మాటా అయితే నెమ్మదిగా, నూలు వడికినట్టు తిరిగేది. తన తోడికోడలి మాట వచ్చిందా, ఇక మిషను గుర్రమైపోయేది. పలక నా చేతుల్లో వణికిపోయేది, పుల్ల టప్పుమనేది.

ఆ తోడికోడలిని నేను చిన్నత్తగారు అనాలి. అనడానికి ఆవిడను చూస్తేగా! మా పెళ్లికీ రాలేదు. యానాం దగ్గర ఒక పల్లెలో పెద్ద వ్యవసాయం, పెద్ద ఇల్లు. ఉమ్మడిగా ఉన్న రోజుల్లో, ఇంటినిండా చుట్టాలుండగా, వడ్డన జరుగుతున్న పంక్తి మధ్యలో నిలబడి, "అక్కయ్య చేసిన పప్పు ఎవరి నోటికీ ఎక్కడం లేదు, రేపటి నుంచి నేనే వండుతాను" అందట. మా అత్తగారు ఆ మాట మరువలేదు. వేరు పడ్డాక ఇద్దరికీ మాటల్లేవు. ఎన్నేళ్లయినా ఆ పంక్తి, ఆ ఆకులు, ఎవరెవరు తలెత్తి చూశారో, అన్నీ నిన్న జరిగినట్టు చెప్పేవారు. అందుకని సన్నటి పని ఉన్నరోజున నేను మాట మామిడికాయల మీదికి మళ్లించేదాన్ని.

అలాంటిది, ఒక మాఘమాసంలో, ఆ చిన్నత్తగారే మా ఇంటి వెనక పడవ దిగారు.

బొద్దుగా, పొట్టిగా, ముక్కుకు పెద్ద బేసరితో ఉన్న మనిషి. వెనకాల పడవవాళ్లు పాతచీరలో చుట్టిన రెండు చెక్కల మూటలు పట్టుకున్నారు. ఎవరో అని నేను ఎదురెళ్లాను. వసారాలో అత్తగారు లేచి నిలబడ్డారు. ఆవిడ ముఖం చూసి నాకు అర్థమైపోయింది.

"బావున్నావా అక్కయ్యా?"

అత్తగారు నా వైపు తిరిగి, "అమ్మాయ్, వచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లివ్వు" అని లోపలికి వెళ్లిపోయారు.

సంగతేమిటంటే, చిన్నత్తగారి ఆఖరి కూతురి పెళ్లి. ముహూర్తం వారంలోకి వచ్చేసింది. పెళ్లికూతురిని ఊరేగించే మేనాను రంగులు వేయించడానికి పడవ మీద పంపితే, కాలువ లాకు దగ్గర ఇంకో పడవ వచ్చి గుద్దింది. మేనాకు రెండువైపులా ఉండే జాలీ పలకలు నలిగి ముక్కలయ్యాయి. పెళ్లిళ్ల రోజులు. అటువైపు వడ్రంగులెవరికీ తీరిక లేదు. ధవళేశ్వరంలో ఒక ఇంట్లో ఆడవాళ్లు చెక్కను కాగితంలా కత్తిరిస్తారని ఎవరో చెప్పారు. ఆ ఇల్లు ఎవరిదో తెలిసే వచ్చారావిడ.

"తెలిసే వచ్చానమ్మా. దండం పెట్టమంటే పెడతాను. పిల్ల మేనాకు గోనెపట్టా కట్టి ఊరేగిస్తే వియ్యాలవారి ముందు తల ఎక్కడ పెట్టుకోను?" అన్నారు నాతో.

నేను లోపలికి వెళ్లాను. అత్తగారు బియ్యం చేట ముందేసుకుని, రాళ్లు లేని బియ్యంలో రాళ్లు వెదుకుతున్నారు.

"ఏమంటారత్తయ్యగారూ?"

ఆవిడ ఇంకో గుప్పెడు బియ్యం వేళ్లతో కదిపారు. తర్వాత చేట పక్కకు తోసి, "పిల్ల ఏం చేసింది పాపం. పద" అన్నారు.

మావారు విరిగిన ముక్కలన్నీ నేల మీద పేర్చి పాత పని ఎలా ఉండేదో చూశారు. అంత పని వారంలో కాదని, దాన్ని వదిలేసి నా మెలికల ముగ్గునే తీసుకుని, నడుమ ఎదురుబొదురుగా రెండు చిలకలుండేలా కొత్తగా గీశారు. రెండువైపులకూ ఒకటే నమూనా. పలచటి టేకు పలకలు రాజమండ్రి నుంచి తెచ్చారు. భద్రాచలం అడవుల నుంచి నది మీద తెప్పలుగా వచ్చే టేకు అది. సారాపెట్టె చెక్కలా మెత్తగా ఉండదు. పుల్లను తింటుంది. పొట్లం విప్పి చూస్తే పుల్లలు అరడజనుకు మించి లేవు. మద్రాసుకు రాసినా ముహూర్తంలోగా రావు.

"ఒక్కటి కూడా దండగ కాకూడదు," అని మావారు ఆఫీసుకు వెళ్తూ వెళ్తూ నాకు నచ్చజెప్పారు. ఆ మాట చెప్పవలసింది నాకు కాదు.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాం. అత్తగారు తొక్కుతున్నారు. చిన్నత్తగారు కాస్త దూరంగా స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. నేను బెజ్జాలన్నీ ముందే వేసి పెట్టుకున్నాను. ఒక మెలిక, రెండు మెలికలు, చక్కగా వస్తున్నాయి.

"అబ్బ, ఎంత బాగా తొక్కుతున్నావక్కయ్యా! అలుపు రావడం లేదూ?" అన్నారు చిన్నత్తగారు, నిజంగా మెచ్చుకుంటూనే.

అంతే. చక్రం ఒక్కసారి విసురందుకుంది. టప్!

కొత్త పుల్ల బిగించి, మీటి చూసి, మళ్లీ మొదలుపెట్టాను. చిన్నత్తగారు జాగ్రత్తగా నోరు మూసుకునే కూర్చున్నారు. కాని ఆ ఊరుకోవడం కూడా మా అత్తగారికి కోపం తెప్పించినట్టుంది. తనలో తను ఏదో గొణుక్కుంటున్నారు. "పప్పు" అన్న మాట నా చెవిన పడేసరికే ఆలస్యమైపోయింది. రెండో పుల్ల కూడా పోయింది.

అప్పుడు నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో తెలియదు. అత్తగారికి ఎదురు మాట్లాడి ఎరుగను. లేచి, చక్రానికున్న తోలుపట్టీ ఊడదీసి చేతిలో పట్టుకున్నాను.

"మీరిద్దరూ ఆ పప్పు సంగతి ఇప్పుడు తేల్చుకోండి. అది తేలేదాకా నేను చెక్క పట్టను. ఉన్న పుల్లలు విరిగిపోతే పెళ్లి ఆగదు గాని, పనాగిపోతుంది."

ఇద్దరూ నా వైపు తెల్లబోయి చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. మా అత్తగారే మొదలుపెట్టారు. అన్నేళ్లు దాచుకున్నదంతా బయటికొచ్చింది. పంక్తి, ఆకులు, తలెత్తి చూసినవాళ్లు.

"అంతమందిలో ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందే? ఉప్పు చాలకపోతే వంటింట్లోకొచ్చి చెప్పొచ్చుగా!"

"పప్పులో ఉప్పుకేమీ లోటు లేదక్కయ్యా."

"మరి?"

"నీకప్పుడు మూడో నెల. వేవిళ్లతో రెండు పూటలా కక్కుకుంటూనే ఆ గుండిగలు దించేదానివి. అక్కయ్యకు ఒంట్లో బాగాలేదు, వంట మాన్పించండి అంటే మామగారు వింటారా? పప్పు బాగాలేదంటే మాత్రం వింటారు. ఆయనకు ఆకలి ఒక్కటే తెలుసు. అందుకని పంక్తిలోనే అన్నాను. మర్నాటి నుంచి నిన్ను పొయ్యి దగ్గరకు రానిచ్చారా చెప్పు?"

ఆ మూడో నెల కడుపులో ఉన్నది మావారే.

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా?"

"నువ్వు మాట్లాడితేగా! ఆ మర్నాటి నుంచి నన్ను చూస్తేనే ముఖం తిప్పుకున్నావు. నేను మాత్రం మనిషిని కానా? నాకూ రోషం వచ్చింది. 'మేలు చేస్తే ఇదా' అనుకున్నాను. ఏళ్లు గడిచాయి."

మా అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. కాని ఆవిడ భుజాలు కదులుతున్నది నవ్వుతో. చిన్నత్తగారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిడా మొదలుపెట్టారు. ఆవిడ నవ్వితే మనిషంతా నవ్వేవారు, బేసరితో సహా.

"అయినా ఒసేయ్, పప్పు పేరు చెప్పకపోతేనేం? చారు అనొచ్చుగా! నా పప్పుకు ఊళ్లో ఎంత పేరుండేది!" అన్నారు అత్తగారు చివరికి.

"పప్పు పేరు చెబితేనే నమ్ముతారు. చారు బాగాలేదంటే మామగారు పప్పుతో తినేసి ఊరుకునేవారు."

నేను తోలుపట్టీ ఎక్కించాను.

ఆ తర్వాత చక్రం తిరిగినంత మెత్తగా అంతకు ముందెప్పుడూ తిరగలేదు. ఒకావిడ అలిసిపోతే ఇంకొకావిడ పాదం పెట్టేవారు. చిన్నత్తగారి కాళ్లు పొట్టివి. అందవు. ముందుకు జరిగి జరిగి పీట మీంచి పడబోతే మా అత్తగారు కొంగు పట్టుకుని వెనక్కి లాగేవారు. వాళ్లకు చెప్పుకోవలసినవి బోలెడున్నాయి. ఏ చుట్టం ఎలా పోయాడు, ఎవరి కోడలు ఎలాంటిది. తలో మాటా అందుకుంటూ, వాళ్లు నన్ను మరిచిపోయి, నేను వాళ్లను మరిచిపోయి, సాయంత్రానికి మొదటి పలక పూర్తయింది. గరుకుకాగితంతో రుద్ది వసారా స్తంభానికి ఆనించేసరికి వెనక నుంచి కాలువ మీది ఎండ పడి, ముగ్గంతా నేల మీద పరుచుకుంది. ముగ్గురం కాసేపు దాన్ని తొక్కకుండా పక్కనుంచే నడిచాం.

రెండో పలక అంత సులువుగా కాలేదు. టేకుకు అరిగి అరిగి పుల్లలు ఒక్కొక్కటే పోయాయి. ఎవరి కోపమూ కాదు. వాటికి వయసైపోయింది, అంతే. చివరి పుల్ల విరిగేసరికి ఒక చిలకా, దాని కింద కొమ్మా ఇంకా కోయాలి. మర్నాడు పొద్దున పడవ కదలాలి.

మావారు ఆఫీసు నుంచి వచ్చి విరిగిన ముక్కలన్నీ ఏరారు. ఒక్కొక్కటి బొటనవేలంత పొడుగు. మిషనుకు చాలవు. ఆయన దొడ్లోకి వెళ్లి ఒక వెదురు బద్ద చీల్చి, వంచి, చిన్న విల్లులా చేసి, రెండు కొసల మధ్య ఒక ముక్కను రాగితీగతో బిగించి నా చేతికిచ్చారు. "తొక్కడానికి ఎవరూ అక్కర్లేదు. నీ చెయ్యే చక్రం" అన్నారు. పీట మీద పలక పెట్టి, అత్తగార్లిద్దరూ చెరోవైపు అదిమి పట్టుకుంటే, ఆ వెదురు రంపంతోనే కొమ్మా, చిలకా కోశాను. చెయ్యి పడిపోయిందనుకోండి. చిలక కంటికి బెజ్జం వేసేటప్పుడు మాత్రం బరమా జారి, కన్ను ఉండవలసిన చోట కాక రెక్క మొదట్లో పడింది. ఇంకో బెజ్జం వేస్తే చెక్క చీలుతుంది. అలాగే వదిలేశాం. నాలుగు చిలకల్లో ఒకటి కళ్లు మూసుకున్నట్టుండిపోయింది.

మేమందరం అదే పడవలో పెళ్లికి వెళ్లాం. మా అత్తగారు ఆ ఇంట్లో అడుగుపెట్టడం వేరుపడ్డాక అదే మొదలు. అక్కడి వాళ్లు ఆవిడను చూసి ముందు బెదిరారు, తర్వాత చుట్టూ మూగారు. ఊరేగింపు దీపాలు పెట్టే వేళకు బయల్దేరింది. ఎవరో పెద్దమనిషి సలహా మీద మేనా లోపల కూడా ఒక చిన్న లాంతరు పెట్టారు. బోయీలు మేనా ఎత్తి నాలుగడుగులు వేశారో లేదో, వీధికి రెండువైపులా ఉన్న సున్నపు గోడల మీద మా మెలికలు, మా చిలకలు కదులుతూ వెళ్లాయి. ఇంటి గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్లు మేనాను వదిలేసి తమ గోడల వైపు తిరిగి చూశారు. పిల్లలు ఆ చిలకలను అరచేతులతో పట్టుకోబోతూ గోడల వెంట పరుగులు తీశారు.

మగపెళ్లివారి తరఫు ఒక పెద్దావిడ గుచ్చి గుచ్చి చూసి, "అన్ని చిలకలకూ కళ్లుండి, ఈ ఒక్కదానికి లేదేమండి?" అంది.

చిన్నత్తగారు తడుముకోలేదు. "అది పెళ్లికూతురండి. సిగ్గుపడి కళ్లు మూసుకుంది," అన్నారు. ఆ పెద్దావిడ మురిసిపోయి పక్కనున్న వాళ్లందరికీ చూపించింది. మా అత్తగారు నా పక్కన నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "దీనికి మాట ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది" అన్నారు. ఆ మాటలో వెనకటి కారం లేదు.

పెళ్లి భోజనాల్లో మూడోరోజు పప్పు మా అత్తగారే వండారు. ఎవరు అడిగారో, ఎవరు ఒప్పించారో నాకు తెలియదు. పంక్తిలో చిన్నత్తగారు స్వయంగా వడ్డిస్తూ, "మా అక్కయ్య పప్పు, మా అక్కయ్య పప్పు" అని ప్రతి ఆకు దగ్గరా ఆగి చెప్పడం మాత్రం చూశాను. నిజం చెప్పాలంటే ఆ రోజు ఉప్పు కాస్త ఎక్కువే పడింది. ఒక్కరూ ఆ మాట అనలేదు.

ఆ పెళ్లి తర్వాత మాకు మేనా పలకలు చేసిపెట్టమని చాలా ఊళ్ల నుంచి కబుర్లొచ్చాయి. కొన్ని చేశాం, చాలా వాటికి కుదరదన్నాం. అది మాకు సరదా గాని వృత్తి కాదు. పైగా మరుసటి ఏడే నాకు కడుపు పండింది. పెద్దవాడు పుట్టాక వాణ్ణి రంపానికి దూరంగా ఉంచడమే ఒక పనైపోయింది. చిన్నత్తగారు మాత్రం పంట చేతికొచ్చాక ఏటా పడవలో వచ్చి మా ఇంట్లో పక్షం రోజులుండేవారు. మావారు పీట ఎత్తు తగ్గించి, తొక్కే పలకకు ఒక చెక్క అతికించి, ఆవిడ పాదాలకు అందేలా చేశారు.

ఒక ఏడు మా అత్తగారికి తనే కోయాలని బుద్ధి పుట్టింది. చిన్నత్తగారు తొక్కారు, ఈవిడ పలక పట్టుకున్నారు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. గీత గీసుకోవడానికి కూడా కొడుకును పిలవలేదు. పూటంతా కూర్చుని ఒక వస్తువు కోసి, పసుపు రాసి, సాయంత్రం మా అందరి ముందూ పెట్టారు. మావారు అటూ ఇటూ తిప్పి చూసి చేప అన్నారు. చిన్నత్తగారు తమలపాకు అన్నారు. నేను ఆలోచించి, దీపం వత్తి అన్నాను.

"మామిడిపిందె" అన్నారు అత్తగారు, మా ముగ్గురినీ ఒకే చూపుతో చూసి. "కళ్లున్నవాళ్లకు తెలుస్తుంది."

దాన్ని వంటింటి గోడకు తగిలించారు. వచ్చినవాళ్లందరినీ అదేంటో చెప్పమనేవారు. మామిడిపిందె అన్నవాళ్లకు మజ్జిగలో అల్లమూ కరివేపాకూ పడేవి. తక్కినవాళ్లకు ఉత్త మజ్జిగే.